మగ్గం ఎక్కని బట్ట, మాస్కు కట్టిన డాక్టరు

బట్ట అనగానే మనకు గుర్తొచ్చేది మగ్గం. తలుపుల నుంచి కదిరి, ముదిగుబ్బ దాటి ధర్మవరం చేరామంటే ఏ వీధిలో నిలబడినా అదే చప్పుడు. పడుగు నిలువుగా, పేక అడ్డంగా, ప్రతి పోగూ లెక్క ప్రకారం. పట్టుచీర సంగతి సరే, మన వైపు గొర్రెల కాపరి భుజాన వేసుకునే కంబళి కూడా ముందు మగ్గం ఎక్కాల్సిందే.  అందుకే, నేత లేకుండా కూడా బట్ట తయారవుతుందని చెబితే మన ఊళ్లలో పెద్దవాళ్లు ముందు ఒక నవ్వు నవ్వుతారు.

కానీ 2020లో ఆ పెద్దవాళ్లే అలాంటి బట్టను ముక్కుకు, నోటికి కట్టుకుని తిరిగారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో హిందూపురం రెడ్ జోన్ అయింది. వీధులకు అడ్డంగా కర్రలు కట్టేశారు. మందుల షాపుకు వెళ్లిన ప్రతివాడూ అడిగింది ఆ నీలిరంగు మాస్కే. దాన్ని ఎప్పుడైనా కత్తిరించి చూశారా? లోపల మూడు పొరలుంటాయి. ఏ పొరలోనూ పడుగు కనిపించదు, పేక కనిపించదు. వెంట్రుక కన్నా సన్నని పోగులు ఇష్టమొచ్చినట్టు ఒకదాని మీద ఒకటి పడి, అతుక్కుపోయి ఉంటాయి. టెక్స్‌టైల్ వాళ్లు దీన్ని నాన్‌వోవెన్ అంటారు. మనం నేయని బట్ట అనుకుందాం.

ఈ మాస్కుకు ఒక పూర్వీకుడు ఉన్నాడు. 1910 చలికాలంలో, చైనా ఉత్తర సరిహద్దులో, 31 ఏళ్ల డాక్టరు ఒకాయన కొంచెం దూది, కొంచెం గాజుగుడ్డ కలిపి కట్టించిన ముక్కుగుడ్డ అది. ఆయన పేరు వూ లియెన్‌తే. మన సిలబస్‌లో ఆయన ఎక్కడా కనిపించడు. కానీ ఆయన కథలో ఇంజనీరింగ్ చదివేవాళ్లకు పనికొచ్చేది చాలా ఉంది. అందుకే ఈ వ్యాసం.

పెనాంగ్ కంసాలి ఇంటి బిడ్డ

వూ పుట్టింది చైనాలో కాదు. మలయాలోని పెనాంగ్ దీవిలో, 1879 మార్చి 10న. తండ్రి చైనా దక్షిణ ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం వచ్చి బంగారు పని చేసుకునేవాడు. తల్లిది అక్కడే స్థిరపడిన చైనా కుటుంబం. ఇంటి నిండా పిల్లలు. అప్పట్లో పెనాంగ్ బ్రిటిష్ వాళ్ల కింద ఉండేది, మన మద్రాసు ప్రెసిడెన్సీ లాగే. మన తెలుగువాళ్లు కూడా ఓడలెక్కి కూలికి వెళ్లిన మలయా అదే.

పెనాంగ్ ఫ్రీ స్కూల్లో చదివిన ఈ కుర్రవాడు 1896లో క్వీన్స్ స్కాలర్‌షిప్ గెలిచాడు. ఆ డబ్బుతో కేంబ్రిడ్జ్‌లోని ఇమ్మాన్యుయేల్ కాలేజీలో చేరారు. ఆ యూనివర్సిటీలో వైద్యం చదివిన మొదటి చైనా సంతతి విద్యార్థి ఆయనే. ఆ తర్వాత లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో శిక్షణ, అక్కణ్ణుంచి లివర్‌పూల్, జర్మనీలో హాలె, పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. లివర్‌పూల్‌లో ఆయనకు గురువు ఎవరో తెలుసా? సర్ రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో దోమ పొట్టను కోసి మలేరియా గుట్టు పట్టిన రాసే. చెడు గాలి వల్ల జ్వరం వస్తుందని ఇంకా చాలామంది అనుకుంటున్న రోజుల్లో, మైక్రోస్కోప్ కింద కనిపించినదాన్నే నమ్మిన మనిషి ఆయన. శిష్యుడికి ఆ అలవాటు అంటిందో లేదో ముందు ముందు మీరే చూస్తారు.

1903లో వూ మలయా తిరిగొచ్చారు. చేతిలో కేంబ్రిడ్జ్ చదువు ఉంది, యూరప్‌లో పెద్ద పెద్ద ల్యాబుల్లో పనిచేసిన అనుభవం ఉంది. అయినా సర్కారు వైద్యశాఖలో పై మెట్టు ఉద్యోగం రాలేదు. ఆ కుర్చీలు తెల్లవాళ్లకే రాసిపెట్టి ఉండేవి. కౌలాలంపూర్‌లో కొన్నాళ్లు బెరిబెరి జబ్బు మీద పరిశోధన చేసి, చివరికి పెనాంగ్‌లో సొంత క్లినిక్ పెట్టుకున్నారు.

క్లినిక్ పెట్టుకుని ఊరుకుని ఉంటే సుఖంగా బతికేవారు. ఊరుకోలేదు. కూలీల బతుకుల్ని పీల్చేస్తున్న నల్లమందు మీద పోరాటం మొదలుపెట్టారు. సర్కారుకు నల్లమందు పన్నే పెద్ద ఆదాయం. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఈ కుర్ర డాక్టరు కంట్లో నలుసయ్యాడు. 1907లో ఆయన క్లినిక్ సోదా చేశారు. వైద్యానికి ఉంచుకున్న ఒక ఔన్సు నల్లమందు టింక్చర్ దొరికింది. అదే నేరమన్నారు, జరిమానా వేశారు. నల్లమందును ఆపాలని తిరుగుతున్న మనిషి మీద నల్లమందు కేసు!

ఆ అవమానం నుంచి బయటపడే దారి చైనా నుంచే వచ్చింది. తియాన్‌జిన్‌లోని సైనిక వైద్య కళాశాలకు ఉపాధ్యక్షుడిగా రమ్మని పిలిచారు. 1908లో వెళ్లారు. అక్కడ ఇంకో చిక్కు. రూపం చైనాదే, ఉత్తర చైనాలో మాట్లాడే మాండరిన్ మాత్రం ఆయనకు రాదు. ఇంగ్లిషులో పాఠం చెబుతూ, ఆ భాషను అప్పుడు కూర్చుని నేర్చుకున్నారు. తెల్లవాళ్లకు చైనావాడు, చైనావాళ్లకు పరాయివాడు. ఈ మధ్యలో ఉండటం ఆయన్ని జీవితాంతం వెంటాడింది.

ఎలుక లేని ప్లేగు

1910 డిసెంబరులో మంచూరియాలోని హార్బిన్ నుంచి చావు కబుర్లు వరసగా వస్తున్నాయి. జ్వరం, దగ్గు, కళ్లెలో నెత్తురు, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవడం. జబ్బు తగిలినవాడు బతికి బట్టకట్టిన దాఖలా దాదాపు లేదు. అక్కడికి వెళ్లమని పీకింగ్ విదేశాంగ శాఖ వూను అడిగింది. ఒక సహాయకుణ్ణి వెంటబెట్టుకుని, చిన్న మైక్రోస్కోప్ పట్టుకుని, డిసెంబరు 24న ఆయన రైలు దిగారు. బయట చలి సున్నాకు పాతిక ముప్పై డిగ్రీలు కింద.

ప్లేగు అంటే మన సీమకు కొత్త కాదు. 1896లో బొంబాయిలో మొదలై, 1898కి రైలెక్కి బెంగళూరు దాకా వచ్చింది. ఎలుకలు రాలుతున్నాయంటే చాలు, ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారని మన వైపు ముసలివాళ్లు చెప్పుకునేవారు. ఆ తెలివి గడ్డల ప్లేగుకు సరిపోయింది. ఎలుక మీది గోమారి మనిషిని కుడుతుంది, చంకలోనో గజ్జల్లోనో గడ్డ లేస్తుంది. కాబట్టి ఎలుకకు దూరంగా పోవాలి. అప్పటి సైన్సు చెప్పిందీ అదే.

హార్బిన్‌లో ఒక జపాన్ డాక్టరు ఆ శాస్త్రం ప్రకారమే వందల ఎలుకల్ని పట్టించి కోసి చూస్తున్నాడు. ఒక్కదాంట్లోనూ ప్లేగు క్రిమి లేదు. ఎలుకల్లో లేదు గనక ఇది ప్లేగు కాదేమో అన్న అనుమానం కూడా ఉంది.

వూ చేరిన మూడో రోజున చైనావాళ్లు ఉండే ఫూజియాదియాన్ పేటలో ఒక సత్రం నడిపే జపాన్ స్త్రీ చనిపోయింది. శవాన్ని కోయడం అప్పటి చైనాలో మహాపాపం. ఆమె పరదేశి కావడంతో వీలు దొరికింది. ఆ గదిలోనే గుట్టుగా శవపరీక్ష చేశారు. ఊపిరితిత్తుల నుంచి తీసిన చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే ప్లేగు క్రిములు గుంపులుగా కనిపించాయి. గడ్డలు మాత్రం ఎక్కడా లేవు.

ఆయన లెక్క ఇలా సాగింది. ఇది ప్లేగే. ఎలుకల్లో లేదు. చలికి గోమార్లు ఉండే అవకాశమూ తక్కువ. ఒక ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు, రోగిని చూసుకున్నవాళ్లే పోతున్నారు. అంటే జబ్బు ఊపిరితిత్తుల్లో కూర్చుని, దగ్గుతో, తుంపర్లతో మనిషి నుంచి మనిషికి నేరుగా వెళ్తోంది. మొదటి నిప్పురవ్వ ఎక్కడిదో కూడా తర్వాత తేలింది. మంచూరియా, మంగోలియా మైదానాల్లో తార్బగాన్ అనే బొరియల జంతువు ఉంటుంది. యూరప్ ఫ్యాషన్ బజారులో దాని బొచ్చుకు గిరాకీ పెరిగింది. జబ్బుపడ్డ జంతువును ముట్టకూడదని తెలిసిన పాత వేటగాళ్లకు తోడు, ఏమీ తెలియని వలస కూలీలు వేలల్లో వేటకు దిగారు. రాత్రికి ఇరుకు సత్రాల్లో ఒకే తిన్నె మీద పక్కపక్కన పడుకునేవారు. పండక్కి ఊరు వెళ్లేందుకు రైలెక్కేవారు. జబ్బూ వాళ్లతోనే ఎక్కేది.

దూది, గాజుగుడ్డ, రెండు ముడులు

గాలిలో వచ్చే జబ్బుకు మందు లేదు. యాంటీబయాటిక్స్ రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు పైగా ఉంది. ఇక మిగిలింది ముక్కూ నోరూ కాపాడుకోవడం.

ఆపరేషన్ గదిలో ముక్కుకు గాజుగుడ్డ కట్టుకోవడం అప్పటికే ఉంది. 1897 ప్రాంతంలో బ్రెస్లావ్ నగరంలో మికులిచ్ అనే సర్జన్ మొదలుపెట్టారు. కానీ దాని ఉద్దేశం వేరు. డాక్టరు నోటి తుంపర్లు రోగి గాయం మీద పడకూడదని. వూకు కావలసింది తిరగేసిన పని: రోగి తుంపర్లు కట్టుకున్నవాడి లోపలికి పోకూడదు. పైగా అది ఒక్క డాక్టరు కోసం కాదు. నర్సులు, పోలీసులు, సైనికులు, శవాలు మోసేవాళ్లు, వీలైతే ఊరంతా కట్టుకోవాలి. ఇప్పటికిప్పుడు, వేలల్లో కావాలి. మన భాషలో చెప్పాలంటే స్పెసిఫికేషన్ మొత్తం ఇంతే: సరుకు బజార్లో దొరకాలి, కాణీ ఖర్చులో అవ్వాలి, ఎవరైనా చేయగలగాలి, ముఖానికి బిగువుగా కూర్చోవాలి.

ఆయన చేసింది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పొడుగాటి గాజుగుడ్డ పీలికను మడిచారు. మధ్యలో అరచేయంత దూది పలక పెట్టారు. రెండు చివర్లనూ తోకల్లాగా చీల్చారు. ఆ తోకల్ని చెవుల పైనుంచి, చెవుల కిందనుంచి తీసుకెళ్లి తల వెనక ముడేస్తే ముక్కు, నోరు, గడ్డం దాకా దూది అదిమినట్టు పడుతుంది. కుట్టు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు.

ఇందులో నేసిన బట్ట గాజుగుడ్డ. దానిది పట్టుకుని ఉంచే పని. వడపోసే పని చేసింది మధ్యలో ఉన్న, వడకని, నేయని దూది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ప్రొఫెసర్ మెస్నీ

మాస్కు కట్టడం తేలిక, కట్టించడం కష్టం. ఆ మాట మనందరికీ 2020లో అనుభవమే. వూకు ఎదురైన కష్టం ఇంకా పెద్దది. ఎదురు చెప్పినవాళ్లు చదువురాని కూలీలు మాత్రమే అయితే సరిపోయేది. పేరున్న వైద్యులే ఒప్పుకోలేదు.

1911 జనవరి మొదట్లో తియాన్‌జిన్ నుంచి జెరాల్డ్ మెస్నీ అనే ఫ్రెంచి ప్రొఫెసర్ వచ్చారు. వయసులో పెద్ద, ప్లేగు వైద్యంలో అనుభవజ్ఞుడు. ఈ పనికి తననే పెద్దగా పెట్టాలని ఆయన పట్టు. వూ ఆయన్ను కలిసి తాను చూసిందంతా వివరించారు. ఎలుకల్లో లేని ప్లేగు, గాలి ద్వారా పాకే ప్లేగు అనే మాట ప్రొఫెసర్‌కు మింగుడుపడలేదు. దాన్ని ఒక చైనా కుర్రాడు తనకు చెప్పడం అస్సలు పడలేదు. కోపంతో మీది మీదికి వచ్చాడు. వూ మారు మాట్లాడకుండా వచ్చేసి, తన రాజీనామాను తంతి ద్వారా పీకింగ్‌కు పంపారు. పీకింగ్ వూ పక్షాన నిలబడింది.

ఆ తర్వాత మెస్నీ రష్యన్ల ప్లేగు ఆస్పత్రికి వెళ్లి రోగుల్ని పరీక్షించారు. తెల్ల కోటు, చేతులకు తొడుగులు వేసుకున్నారు. ముఖానికి మాత్రం ఏమీ కట్టుకోలేదు. కొద్ది రోజుల్లోనే చలిజ్వరం, దగ్గు. జనవరి 11న చనిపోయారు.

ఈ సంగతి చెప్పుకునేటప్పుడు చాలామంది, గర్వానికి తగిన శాస్తి జరిగింది అన్నట్టు చెబుతారు. అది సరి కాదనిపిస్తుంది. మెస్నీ పిరికివాడు కాడు, పని దొంగ కాడు. చావు ఉన్న చోటికి తానై వచ్చినవాడు. ఆయన నేర్చుకున్న పాఠం పాతబడింది, దాన్ని సవరించుకోవడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. అంతే తేడా. మనం చదివే పుస్తకాల్లో కూడా రేపు పాతబడే పేజీలు ఉంటాయి కదా. అప్పుడు మనం ఎటు ఉంటామన్నది అసలు ప్రశ్న.

ఆ చావుతో హార్బిన్ గడగడలాడింది. మర్నాటి నుంచి ముక్కుగుడ్డ లేని మనిషి వీధిలో కనిపించడం తగ్గిపోయింది.

ఊరు నాలుగు ముక్కలు

మాస్కు ఒక్కటే ఊరిని కాపాడిందని చెబితే అది అబద్ధం. వూ పెద్ద పథకమే వేశారు. ఫూజియాదియాన్‌ను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో రంగు బిళ్ల ఇచ్చారు. బిళ్ల లేకుండా ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లకూడదు. సైనికుల్ని, పోలీసుల్ని కాపలా పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని వేరు చేశారు. రోగుల దగ్గర మసిలినవాళ్లను ఉంచడానికి చోటు చాలకపోతే రష్యన్ల రైలు వ్యాగన్లు అడిగి తెచ్చి, లోపల పొయ్యిలు పెట్టి క్వారంటైన్ గదులుగా మార్చారు. రైలు ప్రయాణాల మీద ఆంక్షలు పెట్టించారు. కంటైన్‌మెంట్ జోన్లు, ఐసొలేషన్ కోచ్‌లు అని మనం 2020లో విన్న మాటల అర్థం హార్బిన్ వాళ్లకు అప్పుడే తెలుసు.

అయినా చావులు ఆగలేదు. ఒక రోజు వూ ఊరి బయట శ్మశానానికి వెళ్లి చూశారు. నేల రాయిలా గడ్డకట్టి గునపం దిగడం లేదు. పూడ్చకుండా వదిలేసిన శవపేటికలు, పేటికలు కూడా లేని శవాలు మైలు పొడుగున వరసగా ఉన్నాయి. ఆ చలిలో క్రిమి చావదు. ఎలుకలకు అంటిందంటే వసంతంలో గడ్డల ప్లేగు కూడా మొదలవుతుంది.

దారి ఒక్కటే, కాల్చెయ్యడం. మనకు దహనం మామూలు విషయం. కానీ పితృదేవతల్ని నేలలో పదిలంగా ఉంచాలనే చైనా సంప్రదాయంలో అది తలచుకోకూడని పని. స్థానిక అధికారుల వల్ల కాలేదు. వూ నేరుగా చక్రవర్తి ఆస్థానానికి విన్నపం పంపారు. ఊరి పెద్దల్ని తీసుకెళ్లి ఆ శవాల వరసను చూపించారు. జనవరి 30న, సరిగ్గా చైనా కొత్త సంవత్సరం నాడు, అనుమతి వచ్చింది. మర్నాడు రెండు వేలకు పైగా శవాల్ని కిరోసిన్ పోసి తగలబెట్టారు.

అక్కడి నుంచి లెక్క తగ్గుముఖం పట్టింది. మార్చి 1న ఫూజియాదియాన్‌లో ఆఖరి కేసు. అప్పటికి ఆ పేటలో సుమారు నాలుగో వంతు జనం పోయారు. మంచూరియా మొత్తం మీద దాదాపు 60 వేలమంది. వాళ్లలో మాస్కు కట్టుకుని పనిచేసిన వైద్య సిబ్బంది కూడా చాలామంది ఉన్నారు. ముడి వదులైతే, దూది తడిస్తే, తీసేటప్పుడు చెయ్యి తగిలితే ఆ మాస్కు కాపాడలేదు. ఆ సంగతి వూ తన పుస్తకాల్లో దాచలేదు.

ఏప్రిల్‌లో ముక్డెన్ నగరంలో 11 దేశాల శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. ఇప్పుడు ఆ నగరం పేరు షెన్‌యాంగ్. ప్లేగు క్రిమిని కనిపెట్టినవాళ్లలో ఒకరైన కితసాతో అంతటివాడు జపాన్ నుంచి వచ్చి కూర్చున్నాడు. అధ్యక్ష పీఠంలో ఉన్నది పెనాంగ్ కంసాలి కొడుకు, వయసు 32.

దూదికి అంత బలం ఎక్కడిది?

ఇప్పుడు ఆ దూది దగ్గరికి వద్దాం. వూ మాస్కులో నేసిన గాజుగుడ్డ కన్నా నేయని దూది ఎందుకు బాగా వడపోసింది?

నేతలో పోగులు వరసగా ఉంటాయి. పడుగుకూ పేకకూ మధ్య చతురస్రంగా సందు ఉంటుంది, ప్రతి సందూ తిన్నగా అవతలికి తెరుచుకుంటుంది. గాలి ఆ దారినే పోతుంది, తుంపర కూడా గాలితోనే. సందు మూసుకుపోయేలా దట్టంగా నేస్తే ఊపిరి ఆడదు.

దూది పలకలో వరస లేదు. ఒక్కో పోగు ఒక్కో దిక్కుకు పడి ఉంటుంది. గాలికి సందులు చాలా ఉన్నాయి, తిన్నని సందు మాత్రం ఒక్కటీ లేదు. మన పాత ఊళ్లలోని మలుపు వీధుల్లాగా అన్నమాట. గాలి వంకర్లు తిరుగుతూ బయటపడుతుంది. బరువైన తుంపర ఆ మలుపు తిరగలేక పోగుకు గుద్దుకుంటుంది. మధ్యరకంది పోగును ఒరుసుకుంటూ పోయి అంటుకుంటుంది. బాగా చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ ఏదో ఒక పోగుకు తగులుతాయి, అదే మనం చదువుకున్న బ్రౌనియన్ చలనం. ఈ మూడింటినీ తప్పించుకోవడానికి వీలున్న సైజు సుమారు 0.3 మైక్రాన్లు. అందుకే ఇప్పటికీ ఎన్95 పరీక్ష ఆ సైజు దగ్గరే పెడతారు. అందులో కనీసం 95 శాతం ఆపాలి, పేరులోని 95 అదే.

ఇక్కడొక ముఖ్యమైన సూత్రం ఉంది. పోగు ఎంత సన్నగా ఉంటే వడపోత అంత మెరుగు. దూది పోగు మందం పది, ఇరవై మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంతకన్నా సన్నం కావాలంటే చెట్టు ఇవ్వదు, మనిషే చెయ్యాలి. 1950ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో వాన్ వెంటె అనే శాస్త్రవేత్త ఆ పని చేశారు. కరిగించిన ప్లాస్టిక్‌ను సన్నని రంధ్రాల గుండా తోసి, పక్కనుంచి వేడిగాలి జోరుగా ఊదితే అది సాగి, ఒకటి రెండు మైక్రాన్ల పోగులై, జల్లెడ మీద పొరలా పడుతుంది. పీచుమిఠాయి మిషను చూశారుగా, దాదాపు ఆ తంతే. దీని పేరే మెల్ట్‌బ్లోన్. ఆ తర్వాత టెనెసీ యూనివర్సిటీలో పీటర్ సాయ్ ఆ పోగులకు నిలిచి ఉండే విద్యుదావేశం ఎక్కించే పద్ధతి కనిపెట్టారు. 1995లో పేటెంట్ వచ్చింది. దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు, ఆ పోగులు ధూళికణాల్ని లాగి పట్టుకుంటాయి.

మన నీలిరంగు మాస్కులో పైనా కిందా ఉండే పొరలు స్పన్‌బాండ్. వాటిది పట్టుకుని ఉంచే పని. నడుమ మెల్ట్‌బ్లోన్ పొర, వడపోత దానిది. వూ కట్టించిన గాజుగుడ్డ, దూది, గాజుగుడ్డ వరస గుర్తొస్తోందా? సరుకు మారింది, అమరిక మారలేదు.

మిగతా జీవితం

హార్బిన్ తర్వాత వూ పేరు మారుమోగింది. ఆయన దాన్ని సంస్థలు కట్టడానికి వాడుకున్నారు. 1912లో ఉత్తర మంచూరియా ప్లేగు నివారణ సంస్థ వచ్చింది. 1915లో చైనా వైద్య సంఘం పుట్టింది, ఆయన దానికి అధ్యక్షుడిగా పనిచేశారు. పీకింగ్‌లో ఆస్పత్రి, హార్బిన్‌లో వైద్య కళాశాల ఆయన చలవే. 1920–21లో అదే ప్లేగు మళ్లీ వచ్చింది. ఈసారి సిబ్బంది, ఆస్పత్రులు, పద్ధతులు సిద్ధంగా ఉన్నాయి. మొదటిసారి 60 వేలమంది పోతే ఈసారి పదివేల లోపు. 1926లో ఊపిరితిత్తుల ప్లేగు మీద ఆయన రాసిన పెద్ద గ్రంథాన్ని నానాజాతి సమితి ప్రచురించింది. 1930లో జాతీయ క్వారంటైన్ సర్వీసుకు మొదటి డైరెక్టరయ్యారు. అంతకుముందు విదేశీయుల చేతుల్లో ఉన్న ఓడరేవుల ఆరోగ్య తనిఖీ అలా దేశం చేతికొచ్చింది. 1935లో నోబెల్ బహుమతికి ఆయన పేరు ప్రతిపాదించారు. రాలేదు.

కష్టాలు కూడా తక్కువేం కాదు. 1931లో మంచూరియాను ఆక్రమించిన జపాన్ వాళ్లు గూఢచారి అని పట్టుకుంటే, బ్రిటిష్ పౌరుడు కావడంతో బయటపడ్డారు. చైనాలో ఉండగానే భార్య, ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు చనిపోయారు. 1937లో యుద్ధం షాంఘైని చుట్టుముట్టింది. ముప్పై ఏళ్లు కష్టపడి కట్టుకున్నదంతా వదిలేసి, 58 ఏళ్ల వయసులో మలయాకు తిరిగొచ్చి, ఇపో పట్టణంలో మామూలు డాక్టరుగా బోర్డు పెట్టుకున్నారు. యుద్ధం అక్కడికీ వచ్చింది. తిరుగుబాటు దళం వాళ్లు ఆయన్ను ఎత్తుకెళ్లి డబ్బు తీసుకుని వదిలితే, ఆ డబ్బు ఇచ్చినందుకు జపాన్ వాళ్లు శిక్షించబోయారు. ఆయన చేతి వైద్యం పొందిన ఒక జపాన్ అధికారి అడ్డుపడ్డాడు.

ఒకప్పుడు 11 దేశాల సభకు అధ్యక్షత వహించిన మనిషి, చివరి ఇరవై ఏళ్లకు పైగా ఇపో వీధిలో జ్వరాలకు, దగ్గులకు మందిచ్చుకుంటూ గడిపారు. అందులో ఆయనకు చిన్నతనం కనిపించినట్టు లేదు. 1959లో ఆత్మకథ వచ్చింది. 1960 జనవరి 21న, పుట్టిన పెనాంగ్‌లోనే, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తర్వాత చాలాకాలం లోకం మరిచిపోయింది. కరోనా వచ్చాకే మళ్లీ వెతికి పట్టుకుంది. 2021 మార్చి 10న, ఆయన పుట్టినరోజున, గూగుల్ తన ముఖచిత్రంగా ఆయన మాస్కు కడుతున్న బొమ్మ పెట్టింది.

మన చుట్టూ ఉన్న నేయని బట్ట

ఇది చదివాక చుట్టూ చూడండి. చొక్కా కాలర్ లోపల గట్టిగా నిలబెట్టే అతుకు బట్ట, టీ బ్యాగు, పసిపిల్లల డైపరు, శానిటరీ ప్యాడు పై పొర, తోటలో అరటి గెలకు తొడిగే తెల్ల సంచి, కొత్త రోడ్డులో కంకర కింద పరిచే జియోటెక్స్‌టైల్, అన్నీ చాలావరకు ఈ జాతివే. రోడ్డు కింద పరిచే బట్ట చేసే పని మాస్కు పనే: నీళ్లను పోనిస్తుంది, మట్టిని ఆపుతుంది. మన సివిల్ వాళ్లకు ఇది పాఠంలోనే ఉంది.

కానీ ఒక హెచ్చరిక. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే రంగురంగుల సంచి, బట్టల షాపు సంచి బట్టలాగే కనిపిస్తాయి. చాలామంది అది గుడ్డ అనుకుని పర్యావరణానికి మంచిదని సంబరపడతారు. అది పాలీప్రొపిలీన్, అంటే శుద్ధ ప్లాస్టిక్. అందుకే చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా పలచని నేయని ప్లాస్టిక్ సంచుల్ని 2021 సెప్టెంబరు 30 నుంచి మన దేశంలో నిషేధించారు. మనం వాడి పారేసిన నీలి మాస్కులు కూడా అదే ప్లాస్టిక్. వూ మాస్కు దూది, గాజుగుడ్డ. వాడాక కాల్చేస్తే బూడిదే మిగిలేది. వడపోతలో మనం ఆయన్ని దాటిపోయాం, చెత్త విషయంలో ఆయన వెనకే ఉన్నాం. మట్టిలో కలిసిపోయే పోగుతో అంత సన్నని పొర తేవడం మన తరం ముందున్న పని. పత్తి పండే నేల మనది, పోగు గురించి తెలిసిన చేతులు మనవి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఐడియా లేదని తిరుగుతున్న మిత్రులు ఎవరైనా ఉంటే, ఇదిగో ఒకటి.

వూ లియెన్‌తే కొత్త పదార్థమేదీ కనిపెట్టలేదు. దూది పాతది, గాజుగుడ్డ పాతది. ఆయన చేసిందల్లా మైక్రోస్కోప్ చూపించినదాన్ని నమ్మడం, నమ్మినదానికి సరిపడే వస్తువును చేతికి దొరికిన సరుకుతో చేయడం, దాన్ని చివరి కూలీ దాకా చేర్చడం. మూడూ చేసినవాడికే జనం ప్రాణాలు దక్కాయి. మన పరీక్షల్లో ఈ మూడింటికీ కలిపి మార్కులు వేసే పేపరు ఇంకా రాలేదు. వచ్చేదాకా మనమే మనకు పెట్టుకోవాలి ఆ పరీక్ష.